మత్తడి: గొలుసుకట్టు చెరువుల ఆట, డబ్బుల లెక్కతో సహా పని డైరీ

జూన్ 2025

ఆట పేరు ప్రస్తుతానికి 'మత్తడి', అంటే చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీళ్లు బయటికి పొర్లే అలుగు. కంప్యూటర్ మీద ఆడే పజిల్ గేమ్. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు మన దగ్గర అందరికీ తెలిసినవే, పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. ఆడేవాళ్లు ఇందులో నీరటి, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి. వాన ఎంత పడుతుందో వాళ్ల చేతుల్లో ఉండదు, తూము ఎంత ఎత్తాలి, ఏ మడికి ముందు పారించాలి అన్నదే వాళ్ల చేతుల్లో ఉంటుంది. పై ఊరివాళ్లు ఆశపడి నీళ్లన్నీ నిలుపుకుంటే కట్ట తెగి కింది ఊళ్లు మునుగుతాయి, భయపడి ముందే వదిలేస్తే పొట్టకొచ్చిన వరి ఎండుతుంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు చూసి పెరిగినవాడిని, ఈ ఆట ఎవరో ఒకరు చేయాలి, నేనే చేయాలని ఎప్పటి నుంచో ఉంది.

ఈ డైరీలో కోడ్ కంటే పైసల సంగతే ఎక్కువ ఉంటుంది, ముందే చెప్తున్నా. హన్మకొండ, కాజీపేటల్లో నాలాగా ఇంట్లో కూర్చొని గేమ్స్ చేసే పిల్లలు ఉన్నారు. కలిస్తే ఇంజన్ గురించి, గ్రాఫిక్స్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం, అద్దె ఎట్లా కడుతున్నావురా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు. అడగాలి, ఎందుకంటే మా పని సగంలో ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

ఇంజన్, అంటే ఆటను తయారు చేసే సాఫ్ట్‌వేర్, దాని విషయం తొందరగా చెప్పేస్తా. మొదలుపెట్టింది యూనిటీ అనే ఇంజన్‌లో. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ కంపెనీ ఒక హద్దు దాటిన ఆటలకు ఒక్కో ఇన్‌స్టాల్‌కు ఇంత అని ఫీజు ప్రకటించింది, ఏడాది తిరిగాక 2024 సెప్టెంబర్‌లో వెనక్కి తీసుకుంది. నా ఆట ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా వెళ్లదు, అది వేరే సంగతి, కానీ సగం పని అయ్యాక ఖర్చు లెక్క ఎవరో మార్చేయగలరు అన్న టెన్షన్‌తో నేను పని చేయలేను. గోడో అనే ఇంకో ఇంజన్‌కు మారాను. ఎంఐటీ లైసెన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద ఇస్తారు, ఎవరికీ ఒక్క పైసా కట్టక్కర్లేదు. ఇంకో లాభం, గోడో 4లో తెలుగు అక్షరాలు సరిగ్గా వస్తాయి. అంతకుముందు 'మత్తడి' అని రాస్తే తకారం కింద ఒత్తు పడకుండా విడిపోయేది, ఆట పేరే విరిగిపోయి కనిపిస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

జూలై

మా అమ్మమ్మ ఊరి చెరువుకు వెళ్లి తూము దగ్గరి నుంచి చూసి వచ్చాను. ఇది పాతకాలం తూము. రెండు నిలువు రాళ్లు, వాటి మధ్య అడ్డంగా ఒక బండ, ఆ బండకు రంధ్రం. రంధ్రంలోంచి పొడుగాటి కర్ర నీళ్లలోకి దిగుతుంది, కర్ర కొసకు మొద్దు, కింద తూము బెజ్జానికి సరిగ్గా ఆ మొద్దు అతుకుతుంది. ఎత్తితే నీళ్లు, దించితే బంద్. ఒకప్పుడు నీరటిగా చేసిన కాక ఇప్పటికీ రోజూ కట్ట మీదికి వస్తాడు. ఎంత ఎత్తాలో ఎట్లా తెలుస్తది కాకా అని అడిగాను.

"చేతికే తెలుస్తది బిడ్డా. నీళ్లు గట్టిగ గుంజుతుంటే కర్ర వణుకుతది. అప్పుడు ఒక్కసారే ఎత్తద్దు, జర జర ఎత్తాలె."

ఇంటికి వచ్చి అదే రాత్రి ఆటలో పెట్టాను. ఇంతకుముందు తూము పక్కన నీటి ఒత్తిడి చూపించే మీటర్ ఒకటి ఉండేది, తీసేశాను. ఇప్పుడు ఒత్తిడి పెరిగితే తెర మీద కర్ర వణుకుతుంది, గేమ్‌ప్యాడ్ ఉంటే చేతిలో అదీ వణుకుతుంది. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, దీనికి ఖర్చు బస్సు చార్జీలు మాత్రమే.

పోయేటప్పుడు కాక అడిగాడు, "ఇంత కష్టపడుతున్నవు గదా, దీనికి పైసలు ఎవరిస్తరు?" ఆడేటోళ్లు కొంటే వస్తాయి కాకా అన్నాను. "కొనేదాక?" అన్నాడు. కొనేదాకా ఎట్లా నడుస్తుందో రాస్తున్నా.

రియల్ ఎస్టేట్ వాళ్లకు వెంచర్ల త్రీడీ వాక్‌త్రూలు చేస్తాను, అంటే కట్టకముందే లోపల తిరిగి చూసినట్టు చూపించే వీడియోలు. గేటు, బీటీ రోడ్లు, వరుసగా చెట్లు, పార్కు, మధ్యలో డూప్లెక్స్. గేమ్స్ కోసం నేర్చుకున్న పనే, అన్నం పెడుతున్నది ఇది. చిక్కు ఏమిటంటే చెప్పిన రోజుకు డబ్బు రాదు. అడ్వాన్స్ ఇస్తారు, ఫైనల్ వీడియో పంపాక "ప్లాట్లు రిజిస్ట్రేషన్ కాంగనే వేస్తం తమ్మీ" అంటారు, వేసినప్పుడు పది శాతం టీడీఎస్ అని పన్ను ముందే కోసుకొని వేస్తారు. ఆ టీడీఎస్ రిటర్న్ వేసినాక తిరిగి వస్తుంది నిజమే, కానీ చేతిలో ఉండాల్సిన నెలలో అది చేతిలో ఉండదు. గేమ్స్ చేసే కుర్రవాళ్లెవరైనా కాంట్రాక్టు పని పట్టుకుంటే నేను చెప్పేది ఒక్కటే, వాటర్‌మార్క్ లేని ఫైల్ సగానికి పైగా డబ్బు ఖాతాలో పడ్డాకే ఇవ్వండి, మొహమాటపడకండి.

బ్యాంకులో ముద్రా లోన్ కూడా అడిగి చూశాను. పది లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే పథకం కదా అని. ఆఫీసర్ మంచిగానే మాట్లాడాడు, కానీ ఆయన దగ్గరున్న కాగితంలో మిషన్ కొటేషన్, స్టాక్, షాపు అగ్రిమెంట్ అనే గడులు ఉన్నాయి. నా దగ్గర ఉన్నది ఒక ల్యాప్‌టాప్, అదీ పాతది. మిగతాదంతా నెలల తరబడి చేసే పని, దానికి కొటేషన్ ఎవరిస్తారు? పిండి గిర్నీకి అప్పు పుడుతుంది, అమ్ముడుపోయేదాకా కంటికి కనిపించని సరుకుకు పుట్టదు. ఆ దారి వదిలేశాను.

ఆగస్టు

పార్లమెంటులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పాసైంది. పైసలు పెట్టి ఆడే ఆటలు బంద్. ఆ వార్త టీవీలో వచ్చినప్పటి నుంచి ఫోన్లే ఫోన్లు. చిన్నమ్మ అయితే దాదాపు ఏడుస్తూ మాట్లాడింది, "నీ ఆట కూడ బంద్ వెట్టిండ్రా కొడుకా? ఇన్నొద్దుల నుంచి చేస్తివి గదా."

బంద్ కాలేదు. ఇది అందరికీ అర్థమయ్యేలా రాయాలని ఉంది. రమ్మీ, పందేలు, డబ్బు పెట్టి డబ్బు గెలిచే యాప్‌లు వేరు. ఒకసారి కొనుక్కొని ఇంట్లో ఆడుకునే వీడియో గేమ్ వేరు. ఆ చట్టంలో నిషేధం డబ్బు ఒడ్డే ఆటలకే, పోటీలుగా ఆడే వీడియో గేమ్స్‌ను, అంటే ఈ-స్పోర్ట్స్‌ను, గుర్తిస్తామని కూడా అందులోనే ఉంది. కానీ రెండింటినీ 'గేమింగ్' అనే ఒక్క మాటతో పిలవడం వల్ల దెబ్బ తగిలేది మాలాంటి వాళ్లకే. కొత్తగా కరెంట్ ఖాతా తెరవబోతే వ్యాపారం దగ్గర గేమింగ్ అని చూసి పక్కన పెట్టేశారు, 'సాఫ్ట్‌వేర్ తయారీ' అని రాసిస్తే తీసుకున్నారు. చౌరస్తా దగ్గర ఆడిటర్ గారు కూడా మొదట "28 శాతం జీఎస్టీ పడుతది కదమ్మా" అన్నారు. అది 2023 అక్టోబర్ నుంచి డబ్బు పందేల ఆటలకు వేసింది సార్, నాది అది కాదు అని వివరంగా చెప్పాక, ఏడాదికి 20 లక్షలు దాటకపోతే సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవే లేదని ఆయనే ధైర్యం చెప్పారు. పాపం ఓపికగా కూర్చోబెట్టుకొని విన్నారు, ఫీజు కూడా తీసుకోలేదు.

ఇదే నెలలో స్టీమ్‌కు, అంటే నేను ఆట అమ్మబోయే ఆన్‌లైన్ దుకాణానికి, వంద డాలర్లు కట్టాను. ఒక్కో ఆటకు ఒకసారి కట్టాలి, ఆట అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటితే తిరిగి ఇస్తారు. కార్డు చార్జీలతో కలిపి తొమ్మిది వేల దాకా అయింది. అమెరికా పన్ను ఫారం కూడా నింపాను, డబ్ల్యూ-8బీఈఎన్. అందులో పాన్ నంబర్ వేసి, భారత్‌తో వాళ్లకున్న పన్ను ఒప్పందం కింద క్లెయిమ్ చేసుకోవాలి. అట్లా చేస్తే అక్కడి అమ్మకాల మీద మన వాటాలో 15 శాతం పట్టుకుంటారు, చేయకపోతే 30 శాతం. అక్కడ కట్టిన పన్నును ఇక్కడ రిటర్న్‌లో తగ్గించుకోవచ్చు. ఫారంలో ఈ ఒప్పందం పేజీ బోరు అని దాటేయకండి, ఆ ఒక్క పేజీలోనే మన డబ్బు ఉంది.

సెప్టెంబర్

ఈ నెల కోడ్ పెద్దగా రాయలేదు, లెక్క రాశాను.

ఆట ధర మన దగ్గర 250 రూపాయలు, అమెరికాలో 4.99 డాలర్లు పెడదామని అనుకుంటున్నా. ఇక్కడ ఒకరు కొంటే ఆ 250లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది, అది తీసేస్తే 212. స్టీమ్ వాటా 30 శాతం పోతే 148. అమెరికాలో ఒకరు కొంటే 4.99లో 30 శాతం పోయి 3.49, దాంట్లో 15 శాతం పన్ను పోయి 2.97, అంటే సుమారు 260 రూపాయలు. సగం సగం అనుకుంటే ఒక్కో కాపీకి నా చేతికి 200. డిస్కౌంట్ పెడితే ఇంకా తక్కువ. కొన్న 14 రోజుల్లో, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే ఎవరైనా రీఫండ్ తీసుకోవచ్చు. డబ్బు కూడా వెంటనే రాదు, ఈ నెల అమ్మకాల డబ్బు వచ్చే నెలాఖరుకు, అదీ వంద డాలర్లు పోగైతేనే.

ఇక ఖర్చు. బొమ్మలకు, సౌండ్‌కు, ఫీజులకు కలిపి లక్షా అరవై వేలు. ఇల్లు నడవడానికి నెలకు 25 వేలు, ఏడాదిన్నరకు నాలుగున్నర లక్షలు. మొత్తం ఆరు లక్షల పది వేలు. 200తో భాగిస్తే మూడు వేల కాపీలకు పైన అమ్మితే నేను సున్నా దగ్గర నిలబడతాను. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి, రోజుకు యాభై. ఆ గుంపులో ఎవరికీ పేరు తెలియని ఓరుగల్లు ఆటను మూడు వేల మంది వెతికి కొనాలి.

ఈ కాగితం ముందు పెట్టుకొని ఆటను సగం చేశాను. అనుకున్నది 40 లెవెల్స్, వానాకాలం, యాసంగి రెండు పంటకాలాలు. ఇప్పుడు 24 లెవెల్స్, వానాకాలం ఒక్కటే. యాసంగి భాగం రాసి పెట్టుకున్నా, దాంట్లో బావులు, మోటలు, వంతుల వారీగా నీళ్లు పంచే వారబందీ, చాలా మంచి ఆలోచనలే ఉన్నాయి. కానీ దానికి నాలుగు నెలలు పడుతుంది, నాలుగు నెలలంటే లక్ష రూపాయలు, లక్ష అంటే ఇంకో 500 కాపీలు. ఈ భాగం వల్ల అదనంగా 500 మంది కొంటారా? కొనరు. అందుకే పక్కన పెట్టాను. ఇప్పటి నుంచి ఏ ఫీచర్ గురించి అనుకున్నా దాని ధర ఇంటి నెల ఖర్చులోనే రాస్తున్నా. చేపలు పట్టే చిన్న ఆట: మూడు వారాలు, దాదాపు 19 వేలు. వద్దు. బతుకమ్మను చెరువులో వదిలే చివరి సీన్: ఒక వారం, ఆరు వేలు. కావాలి, అది లేకుండా ఈ ఆట వరంగల్ ఆట కాదు.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట చేసిన ఎరిక్ బారోన్ గురించి గేమ్స్ చేసే ప్రతి పిల్లవాడూ చెప్తాడు, ఒక్కడే కూర్చొని నాలుగేళ్లకు పైగా చేశాడు, 2016లో విడుదలై కోట్ల కాపీలు అమ్ముడైంది అని. ఆ నాలుగేళ్లు ఆయన ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్ పని చేశాడని, ఇల్లు నడవడానికి ఆయన తోడున్న అమ్మాయి జీతం ఆసరా అయిందని చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఆ కథలో ముఖ్యమైన భాగం అదే అనిపిస్తుంది. మన దేశంలో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ వాళ్లు జనం దగ్గర చందాలు పోగుచేసే క్రౌడ్‌ఫండింగ్ కుదరకపోయినా పట్టుబట్టి 2020లో 'రాజీ' అనే ఆట తెచ్చారు, అది చూసినప్పుడే మన కథలతో ఆట చేయొచ్చని నాకు నమ్మకం కుదిరింది. కానీ మధ్యలో ఎవరు ఎవరిని పోషించారు అన్నది ప్రతి ఆట వెనకా ఉంటుంది. నాది మా అక్కాబావల ఇల్లు. పై గదికి అద్దె తీసుకోరు, కరెంటు బిల్లు నేను కడతాను. ఆ అద్దె కలిపితే పై లెక్క ఇంకా పెరుగుతుంది.

అక్టోబర్

బొమ్మల పని మొదలైంది. చేర్యాల నకాషీ పద్ధతిలో వేసే అన్న ఒకాయన ఒప్పుకున్నాడు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు. నేను వాటిని స్కాన్ చేసి, చేతులు, కాళ్లు, తలలు విడదీసి కదిలిస్తాను. మొదటి రోజే ఆయన సూటిగా అడిగాడు, "తమ్మీ, ఆట అమ్ముడుపోయినంక ఇస్తవా, బొమ్మ ఇచ్చిన్నాడే ఇస్తవా?"

బొమ్మ ఇచ్చిన రోజే ఇస్తానన్నాను, అట్లాగే ఇస్తున్నా. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. 'రెవెన్యూ షేర్' అని బొమ్మలేసేవాళ్లతో, డప్పు కొట్టేవాళ్లతో ఊరికే పని చేయించుకునే పద్ధతి చిన్న ఆటల్లో బాగా ఉంది. పై లెక్క చూశారు కదా, మూడు వేల కాపీలు దాటాక గానీ పంచడానికి ఏమీ ఉండదు, అంటే లేని డబ్బులో వాటా ఇస్తానని మాటివ్వడమే. పెట్టుబడి రిస్క్ ఆట నాది అన్నవాడు తీసుకోవాలి. అందుకే బొమ్మలు నెలకు కొన్నే వస్తున్నాయి, వాక్‌త్రూ డబ్బు ఎంత వస్తే అంత. ఆలస్యం అవుతుంది, కానివ్వండి.

ఆటలకు డబ్బు పెట్టి, ప్రచారం చేసి అమ్మిపెట్టే ఒక పబ్లిషర్ నుంచి మెయిల్ వచ్చింది. డెమో వీడియో చూశారట, అడ్వాన్స్ ఇస్తామన్నారు. కాగితం చదివితే, వాళ్లు ఇచ్చిన అడ్వాన్స్, ప్రచారం ఖర్చు మొత్తం అమ్మకాల్లోంచి ముందు వాళ్లు తీసుకుంటారు, ఆ తర్వాతే సగం సగం. ఇది ఈ రంగంలో మామూలే, తప్పు పట్టను. కానీ ప్రచారం ఖర్చుకు పై పరిమితి రాయలేదు, ఆట హక్కులు కూడా అడిగారు. పరిమితి రాయండి, హక్కులు నా దగ్గరే ఉంటాయి అని జవాబు రాస్తే మళ్లీ మెయిల్ లేదు. ఇంకో రకం మెయిళ్లూ వస్తున్నాయి, "మాకు వేలమంది ఫాలోవర్లు ఉన్నారు, రివ్యూ చేస్తాం, ఐదు కీలు పంపండి" అని. కీ అంటే ఆటను డబ్బు కట్టకుండా తెరిచే కోడ్. ఆ మెయిళ్లలో చాలావరకు ఆ కీలు తీసుకొని వేరే సైట్లలో అమ్ముకునేవాళ్లవే. ఆటలు ఆడి ఇతరులకు సిఫారసు చేసే నిజమైన క్యూరేటర్లకు పంపడానికి స్టీమ్‌లోనే క్యూరేటర్ కనెక్ట్ ఉంది, దాంతోనే పంపుతాను.

నెలాఖరున మొంథా తుఫాను. హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, మా వీధిలో కరెంటు, నెట్ రెండూ పోయాయి. మాది పై గది కాబట్టి కంప్యూటర్ బతికింది, కింద అక్కావాళ్ల బియ్యం డ్రమ్ము, పరుపులు తడిశాయి, రెండు రోజులు అదే పని. దారి తెరుచుకున్నాక అమ్మమ్మ ఊరికి వెళ్లి చూస్తే చెరువు నిండి మత్తడి దుంకుతున్నది. ఫోన్‌తో ఆ చప్పుడు రికార్డ్ చేశాను. దూరం నుంచి ఒకే హోరు, దగ్గరికి పోతే రెండు చప్పుళ్లు, రాతి అంచు మీద జారేది సన్నగా, కింద గుంతలో పడేది లావుగా. ఆటలో ఇప్పుడు అవి రెండు వేరు ట్రాకులు, నీరు పెరిగేకొద్దీ లావు చప్పుడు సన్న చప్పుడును మింగేస్తుంది.

వెంచర్ ఆయన ఫోన్ చేసి, సైట్‌లో నీళ్లు నిలిచాయి, కొనేవాళ్లు వెనక్కి పోయారు, ఈ నెల బిల్లు ఆపమన్నాడు. ఆయన నష్టం ఆయనది, కాదనను. నా నెల మాత్రం అక్కడే ఆగింది. బొమ్మల అన్నకు ఫోన్ చేసి, ఈ నెల కొత్త బొమ్మలు వద్దన్నా, వేసినవాటికి మాత్రం పంపేస్తున్నా అని చెప్పాను.

నవంబర్

స్టీమ్‌లో ఆటకు స్టోర్ పేజీ పెట్టాను. విడుదలకు కనీసం రెండు వారాల ముందు 'కమింగ్ సూన్' పేజీ ఉండాలన్నది వాళ్ల నియమం, నేను నెలల ముందే పెట్టాను, ఎందుకంటే తర్వాత కొందామని విష్‌లిస్ట్‌లో వేసుకున్నవాళ్లకు విడుదల రోజు మెయిల్ వెళ్తుంది, నాకున్న ప్రచారం అదొక్కటే. పేజీ తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండింటిలో రాశాను.

ఫోన్ వెర్షన్ ఎందుకు చేయవు, మనోళ్లందరూ ఫోన్‌లోనే కదా ఆడతారు అని అడుగుతున్నారు. నిజమే. గూగుల్ ప్లే ఫీజు కూడా తక్కువే, ఒక్కసారి 25 డాలర్లు. కానీ కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్ట్‌లో ఉంటే తప్ప విడుదలకు అడగనివ్వరు. 12 మందిని బంధువుల్లో పోగేయొచ్చు, అది కష్టం కాదు. ఫోన్‌లో ఆటను డబ్బిచ్చి కొనే అలవాటు మన దగ్గర తక్కువ, ప్రకటనలు పెట్టాలి, తూము కర్ర వణుకుతున్నప్పుడు మధ్యలో ప్రకటన వస్తే ఆ ఆట నాకే వద్దు. కంప్యూటర్ వెర్షన్ డబ్బు తిరిగి వచ్చాక ఆలోచిస్తా.

ఫిబ్రవరిలో స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌కు, అంటే రాబోయే ఆటల డెమోలు జనం ఆడి చూసే పండుగకు, డెమో పెట్టాలి. ఒక ఆట ఒక్కసారే అందులో పాల్గొనగలదు. జనవరి చివర మేడారం జాతర, ఆ వారం ఇంట్లో ఎవరూ పని ముట్టరు, నేనూ అమ్మవార్లకు బంగారం, అదే బెల్లం, ఎత్తుకొని పోవాలి, కాబట్టి డెమో సంక్రాంతికే పూర్తి కావాలి. మొదటి ఐదు లెవెల్స్ చాలు. నాలుగో దాంట్లో ఒక బగ్ ఉంది, రెండు మత్తళ్లు ఒకేసారి దుంకితే నీళ్లు వాగులో పడకుండా కట్ట మీదుగా పాకుతున్నాయి, ముందు అది చూడాలి. వెంచర్ ఆయన సగం బిల్లు మొన్న వేశాడు. అందులోంచి ఒగ్గు డోలు కొట్టేవాళ్లకు రికార్డింగ్ అడ్వాన్స్ పంపాను, స్టూడియో వచ్చే మంగళవారం దొరికింది.